మంచు తుఫానులో పోయిన మిసెస్ స్టబ్స్

ఎల్డర్టన్, ఇండియానా
1954 ఫిబ్రవరి 8

పెలికన్ పిక్చర్స్ ప్రచార శాఖలో ఉత్తరాలు విప్పే పుణ్యాత్ములకు,

ఎలా ఉన్నారని అడగను. కాలిఫోర్నియాలో ఏడాది పొడుగునా ఎండేనట కాబట్టి మీరు బాగానే ఉంటారు. నా సంగతే బాగాలేదు. నేను చనిపోయాను. ఈ విషయం మొన్న మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

బ్యూటీ పార్లర్‌లో జుట్టు సెట్ చేయించుకుని, ఆరబెట్టే యంత్రం కింద తల పెట్టి, ఏమీ తోచక సినిమా పత్రిక తిరగేస్తున్నాను. అందులో మీ తెర వీరుడు రాండ్ కోల్టర్ జీవిత కథ వేశారు. వయోమింగ్ కొండల్లో మంచు తుఫాను రాత్రి పుట్టాడట. తల్లి దూడని కాపాడడానికి బయటికి వెళ్ళి ఇక తిరిగి రాలేదట. తండ్రి షెరీఫ్, దొంగలు కాల్చేశారట. ఆ తర్వాత పసివాణ్ణి గుర్రాలే సాకినట్టు రాశారు.

అయ్యా, ఆ రాండ్ కోల్టర్ అసలు పేరు వెండెల్ స్టబ్స్. వాడు నా కొడుకు. పుట్టింది ఇక్కడే, మా మేడ మీది గదిలో, జూలై నెలలో. జూలైలో ఇండియానాలో మంచు పడాలంటే మీరే వచ్చి కురిపించాలి. వాళ్ళ నాన్న షెరీఫ్ కాదు, పైపుల కొట్టు పెట్టుకుని ఈ ఊళ్ళో సగం స్నానాల గదులు బిగించిన మనిషి. ఆయన్ని ఎవరూ కాల్చలేదు, న్యుమోనియాతో పోయాడు. ఇక దూడ సంగతి. మేం పెంచింది కోళ్ళని.

వాడి సినిమాలన్నీ చూశాను. మొదటి దాంట్లో బ్యాంకులో శవం వేషం వేశాడు. ఊపిరి పీలుస్తుంటే పొట్ట కదిలింది, అందుకే గుర్తుపట్టగలిగాను. రెండో దాంట్లో "అటు పారిపోయారు!" అని చెయ్యి చూపించాడు, దొంగలు వెళ్ళింది ఇటు. అయినా ఇప్పుడు పెద్ద హీరో అయ్యాడు. సంతోషమే.

ఈ అబద్ధాలన్నీ పోనీలే అనుకుందును. కానీ కథ పక్కనే పోయిన మే నెల తల్లుల దినం ఫోటో ఉంది. కోటుకి తెల్ల కార్నేషన్ పువ్వు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. తల్లి ఉన్నవాళ్ళు ఎర్రది పెట్టుకుంటారు, తల్లి పోయినవాళ్ళు తెల్లది. వాడికి అది నేర్పింది నేనే. నేనడిగేది ఒక్కటే. ఈ మే నెలలో వాడి కోటుకి ఎర్ర పువ్వు పెట్టించండి. మిగతావన్నీ మీరే ఉంచుకోండి, గుర్రాలతో సహా.

ఇట్లు,
ప్రస్తుతానికి బతికే ఉన్న
మిసెస్ హల్డా స్టబ్స్

తా.క.: పక్క యంత్రం కింద కూర్చున్న మా పొరుగావిడ డోర్కస్ టిబ్బెట్స్ ఇదంతా నా భుజం మీంచి చదివి, "పత్రికలో వేశారంటే ఊరికే వేస్తారా, హల్డా?" అంది. బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా.


పెలికన్ పిక్చర్స్, హాలీవుడ్
1954 ఫిబ్రవరి 19

ప్రియమైన అభిమానికి,

ఆప్యాయత పొంగిపొర్లే మీ ఉత్తరాన్ని రాండ్ స్వయంగా చదివి చెమర్చిన కళ్ళతో దాచుకున్నారు. మీలాగే దేశమంతటా ఎందరో మహిళలు ఆయనను కన్నకొడుకులా భావిస్తున్నారు. ఆ ప్రేమే ఒంటరి గుర్రపు రౌతుకి చలి రాత్రుల్లో వెచ్చదనం. ఆయన మీ కోసం ప్రత్యేకంగా సంతకం చేసిన ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాము.

ఇట్లు,
మీ అభిమానానికి తలవంచి,
మిస్ థియా లిండ్‌క్విస్ట్
ప్రచార శాఖ

తా.క.: మీరు చనిపోయినట్లు ఉత్తరంలో రాశారు. మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి.


ఎల్డర్టన్
1954 మార్చి 1

మిస్ లిండ్‌క్విస్ట్‌కి,

సానుభూతి అందింది. నా కుటుంబం అంటే నేనూ, ఒక పిల్లీ. పిల్లికి చదివి వినిపించాను. తట్టుకుంది.

ఫోటో కూడా అందింది. నా కొడుకు ఫోటో నాకే పంపినందుకు సంతోషం. కానీ ఆ సంతకం వాడిది కాదు. వెండెల్ రాస్తే కోడి గీకినట్టు ఉంటుంది. ఇది మంచి కాలేజీలో చదువుకున్న పిల్ల రాత. నీదేనా అమ్మాయీ? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, మరేదైనా మంచి పనికి వాడుకోరాదూ?

నేను పిచ్చిదాన్ననుకుంటున్నావు కాబట్టి ఒక ఫోటో పంపుతున్నాను. మా చర్చి క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం వేసినవాడు వాడే. వెనక గుర్రం బొమ్మ ఉంది చూడు, దానికి వీలైనంత దూరంగా నిలబడ్డాడు. చిన్నప్పుడు సంతలో ఒక పొట్టి గుర్రం వాడి టోపీ తినేసింది. అప్పట్నించి పాలబండి గుర్రం వీధి మలుపు తిరిగితే చాలు, మంచం కింద దూరేవాడు. వాణ్ణి పట్టుకొచ్చి గుర్రాలు సాకాయని రాశారు, మీ చేతులెలా ఆడాయో.

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను విను. ఊళ్ళో నేను కళ్ళెదుట తిరుగుతున్నాను కాబట్టి చచ్చిపోయానని ఎవరూ అనలేకపోతున్నారు. అందుకని ఇంకోటి కనిపెట్టారు. డోర్కస్ గిన్నెతో సహా కాల్చిన ట్యూనా చేపల క్యాసెరోల్ పట్టుకుని వచ్చింది, చావింటికి తెచ్చినట్టు. గిన్నె తిరిగి రాదేమోనని అడుగున తన పేరు రాసిన పట్టీ అంటించి మరీ. సోఫాలో కూర్చుని కళ్ళొత్తుకుంది.

"ఎక్కడినుంచో తెచ్చి పెంచుకుని, ఇన్నేళ్ళూ ఎంత గుట్టుగా ఉంచావే హల్డా!"

"డోర్కస్, వాడు పుట్టిన రోజున కింద వేడినీళ్ళు కాచింది నువ్వే."

"కాచాను. కాదన్నానా? కానీ పైకి రానివ్వలేదుగా!"

దీంతో అయిపోలేదు. తల్లుల దినం నాడు మా చర్చిలో ఫలహారం ఉంటుంది. తల్లులు బల్లల దగ్గర కూర్చుంటారు, పిల్లలు లేని ఆడవాళ్ళు వడ్డిస్తారు. ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఈసారి నా పేరు బల్ల దగ్గర్నుంచి తీసేసి కాఫీ పోసేవాళ్ళలో వేశారు. ఎవరెక్కడుండాలో నిర్ణయించేది డోర్కసే. వెండెల్ ఎర్ర పువ్వు పెట్టుకున్న ఫోటో ఒక్కటి పత్రికలో పడితే నా కుర్చీ నాకు వస్తుంది. ఇదీ నా బాధ.

ఇట్లు,
మీ కథలో పోయి, నా ఊళ్ళో తల్లిని కాకుండా పోయిన
హల్డా స్టబ్స్

తా.క.: నీకు అమ్మ ఉందా? ఉంటే, నువ్వు పెట్టుకునేది ఏ రంగు పువ్వు?


పెలికన్ పిక్చర్స్
1954 మార్చి 12

మిసెస్ స్టబ్స్ గారికి,

మీ ఉత్తరాన్ని మా న్యాయ విభాగానికి చూపించాము. మిస్టర్ కోల్టర్‌కి తల్లినని రాసినవారిలో మీరు మొదటివారు కారు. టొలీడో నుంచి ఒకావిడ ఊయల పంపారు. టెక్సస్ నుంచి ఇంకొకావిడ పాలపళ్ళు పంపారు, అవి మనిషివి కావని మా వైద్యుడు తేల్చారు. ఈ ఉద్యోగానికి రాకముందు నేను గ్రీకు విషాద నాటకాల మీద పట్టా పుచ్చుకున్నాను. తల్లుల ఆవేశం నాకు కొత్త కాదు.

అయినా న్యాయం కోసం మిస్టర్ కోల్టర్‌ని నేనే స్వయంగా అడిగాను. ఆయన కిటికీలోంచి దూరంగా చూసి, "మా అమ్మ మంచులో ఉంది" అన్నారు. కిటికీ అవతల కార్లు ఆపుకునే చోటు తప్ప ఏమీ లేదు. కానీ ఆ గొంతులో బాధ ఉంది, అది నటన అనిపించలేదు. ఆయన నటన రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్పగలను.

కావున ఈ విషయమై ఇకపై ఉత్తరాలు రాయవద్దని మనవి.

ఇట్లు,
మిస్ టి. లిండ్‌క్విస్ట్

తా.క.: ఇది ఆఫీసు వాళ్ళు చూడని మాట, తప్పకుండా జవాబు రాయండి. ఆయనకి గుర్రమంటే భయమని మీకెలా తెలుసు? ఇక్కడ దర్శకుడికి, నాకు, గుర్రానికి తప్ప ఎవరికీ తెలియదు. షూటింగ్ ఆగిపోయింది. చెక్క గుర్రం చేయించి దానిమీద కూర్చోబెట్టాం. దానిమీదా వణుకుతున్నారు.


ఎల్డర్టన్
1954 మార్చి 18

అమ్మాయీ,

ఉత్తరం రాయవద్దని పైన రాసి, తప్పకుండా రాయమని కింద రాశావు. పైది మీ ఆఫీసుది, కిందిది నీది. నీకే జవాబు రాస్తున్నాను. మీ ఆఫీసు నాతో మాట్లాడనక్కర్లేదు.

గుర్రం దగ్గరికి తీసుకెళ్ళే ముందు వాడి బుగ్గలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టు. నమలకూడదు, చప్పరించాలి. ఎక్కి కూర్చున్నాక వణుకు మొదలైతే జాలి పడొద్దు, వీపు నిమరొద్దు. గట్టిగా "వెండెల్, మోచేతులు!" అను. అన్నం తినేటప్పుడు బల్ల మీద మోచేతులు ఆనించి, నానిన అట్టలా ఒరిగిపోయేవాడు. వాడు ఇల్లు విడిచి వెళ్ళేదాకా పూటపూటా చెప్పాను. ఆ మాట చెవినపడితే వాడి నడుం దానంతటదే నిటారుగా లేస్తుంది. గుర్రానికి భయపడడానికి ఇక తీరిక ఉండదు, ముందు నాకు భయపడాలి కదా.

బిళ్ళలు ఒక డబ్బా పంపుతున్నాను. గుర్రానికి పెట్టకు, అలవాటు పడుతుంది.

ఇట్లు,
హల్డా స్టబ్స్

తా.క.: వాడు మంచి పిల్లాడే. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతాడు. సంతకం మాత్రం పెట్టడు. డోర్కస్‌కి చూపిస్తే, "సంతకం లేని కార్డు ఎవరైనా పంపొచ్చు" అంది. టొలీడో ఆవిడా డోర్కసూ కలిస్తే బాగుండును.


పెలికన్ పిక్చర్స్
1954 మార్చి 29

మిసెస్ స్టబ్స్ గారికి,

నేను ఓడిపోయాను. బిళ్ళ పెట్టాం. దర్శకుడి బాకా అందుకుని మీరు రాసిన మాట అరిచాను. ఆయన వీపు కర్రలా నిలబడింది, గుర్రం దౌడు తీసింది, ఒక్క పూటలో అంతా అయిపోయింది. గుర్రం దిగి, నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ మాట నీకెవరు చెప్పారు?" అని అడిగి, జవాబు వినకుండానే ఏడ్చేశారు. ఇన్ని సినిమాల్లో గ్లిజరిన్ చుక్కలు వేసినా రాని ఏడుపు.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఆయన సరిగ్గా చదవలేదట. అందులో, పత్రికల్లో వచ్చిన జీవిత కథకి విరుద్ధంగా నోరు విప్పినా, చేతిరాత బయటపడినా ఒప్పందం రద్దు అని ఉంది. కార్డు మీద సంతకం లేనిది అందుకే. ఆ మంచు తుఫాను రాసింది నేనేనండీ. మొదట మిమ్మల్ని క్షయతో పంపేశాను. మా అధికారి మిస్టర్ గ్రబ్నర్, "క్షయ పాతబడింది, దూడని పెట్టు" అన్నారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి, తల్లి బతికే ఉంది, ఎర్ర పువ్వు పెట్టిద్దాం అన్నాను.

"ఆవిడ బతికుంటే మనకేంటి లాభం?"

"సార్, ఆవిడకి లాభం."

"చూడమ్మాయ్, ఫోటో నలుపు తెలుపు. ఎర్ర పువ్వు నల్లగా పడుతుంది. నల్ల పువ్వు పెట్టుకున్నవాణ్ణి చూసి జనం ఏమనుకోవాలి? వీడే చంపాడనుకుంటారు."

తర్వాత చుట్ట సగం కాలేదాకా ఆలోచించి, కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. లిల్లీబెల్ సబ్బు కంపెనీతో కలిసి పోటీ పెడుతున్నారు. 'అనాథ రాండ్‌కి అమ్మ కావాలి!' నేనెందుకు రాండ్‌కి అమ్మని కావాలంటే, అని ఇరవై అయిదు మాటలు మించకుండా రాసి, సబ్బు కాగితం జతచేసి పంపాలి. గెలిచినావిడ ఊరికి తల్లుల దినం నాడు రాండ్ వెళ్ళి ఆవిడతో ఫలహారం చేస్తాడు. తెల్ల పువ్వు తీసి ఎర్ర పువ్వు ఆవిడే పెడుతుంది. దేశమంతా రేడియోలో వింటుంది.

మీరు రాయండి. మీ కుర్చీ మీకు వస్తుంది, ఆయన ఒప్పందమూ నిలుస్తుంది. తల్లి అని నిరూపించుకోవడం కంటే తల్లిగా గెలవడం ఇక్కడ తేలిక.

ఇట్లు,
మిమ్మల్ని పొట్టనపెట్టుకున్న
థియా లిండ్‌క్విస్ట్

తా.క.: టొలీడో ఆవిడ అప్పుడే రాసేసింది.


ఎల్డర్టన్
1954 ఏప్రిల్ 5

అమ్మాయీ,

ఇరవై తొమ్మిదేళ్ళుగా చేస్తున్న ఉద్యోగానికి ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోమంటావు. అదీ సబ్బు కాగితంతో. బాగుంది. రేపు ఊపిరి పీల్చాలంటే ఏ టూత్‌పేస్టు మూత పంపాలో కూడా రాయి.

మూడు రోజులు కోపంతో వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తూ గడిపాను. తర్వాత చర్చి మెట్ల మీద డోర్కస్ కనపడి, "కాఫీ బరువుగా ఉంటుంది హల్డా, చిన్న కూజా తీసుకో" అంది, ఎంతో దయగా. ఆ దయకి తట్టుకోలేక ఇంటికి వచ్చి పెన్ను పట్టుకున్నాను. ఇదిగో నా జవాబు:

"నేనే వాడి అమ్మని కాబట్టి."

మిగిలిన మాటలు సబ్బు వాళ్ళే ఉంచుకోమను, వాళ్ళకే ఎక్కువ అవసరంలా ఉంది.

ఇట్లు,
అభ్యర్థిని
హల్డా స్టబ్స్

తా.క.: డోర్కస్ కూడా రాస్తోందట. కొట్లో లిల్లీబెల్ సబ్బు మొత్తం కొనేసింది. వాళ్ళ ఇంట్లో అయిదుగురు పిల్లలూ రోజుకి రెండుసార్లు స్నానం చేసి బయట తిరుగుతుంటే ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోతున్నాం.


పెలికన్ పిక్చర్స్
1954 ఏప్రిల్ 26

మిసెస్ స్టబ్స్ గారికి,

ఈ ఉత్తరం నిలబడి చదవకండి.

ఉత్తరాలు వడపోసేది నేనే అనుకున్నాను. కాదట. షికాగోలో సబ్బు కంపెనీ నియమించిన న్యాయనిర్ణేతలున్నారు. ముగ్గురు పెళ్ళికాని మగవాళ్ళు. మీ జవాబు గురించి వాళ్ళు రాసిన అభిప్రాయం ఉన్నదున్నట్టు చెబుతున్నాను: "మాతృప్రేమ పొడిగా ఉంది. సబ్బు ప్రస్తావన లేదు. నిజాయితీ లోపించింది."

మొదటి బహుమతి వచ్చిన జవాబు ఇది:

"నా ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, రాండ్. రోజూ దాన్ని లిల్లీబెల్ సబ్బుతో కడుగుతున్నాను. అది నీ కోసమే మెరుస్తోంది. వచ్చి కూర్చో, నాయనా."

రాసినవారు: మిసెస్ డోర్కస్ టిబ్బెట్స్, ఎల్డర్టన్, ఇండియానా.

మిస్టర్ గ్రబ్నర్ ఆ జవాబు చదివి జేబురుమాలు తీశారు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి గోడని తన్నాను. కాలు వాచింది. రాండ్‌కి ఊరి పేరు చెప్పాను. "అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగారు. కూర్చోరని చెప్పలేకపోయాను.

దయచేసి ఆ రోజు ఏమీ అనకండి. రేడియోలో ఒక్క మాట అటూ ఇటూ అయినా ఆయన ఒప్పందం పోతుంది. నన్ను రానివ్వడం లేదు, ఇక్కడే రేడియో దగ్గర కూర్చోమన్నారు.

ఇట్లు,
తల ఎత్తుకోలేక,
థియా

తా.క.: మీకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. వాఫుల్ అనే గళ్ళ అట్లు వేసే పెనం. అనాథ కోసం వేసే వాఫుల్స్ ఎలా చెయ్యాలో చెప్పే కాగితం కూడా ఉంది.


ఎల్డర్టన్
1954 మే 10

అమ్మాయీ,

నువ్వు రేడియోలో విని ఉంటావు, కానీ రేడియోకి కళ్ళు లేవు కదా. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు ఆ కుర్చీ సంగతి. అది నాది. పోయిన ఏడాది డోర్కస్ చుట్టాలొస్తున్నారని అడిగి పట్టుకెళ్ళింది.

వెండెల్ స్టేషన్ నుంచి గుర్రం మీద వచ్చాడు. బుగ్గ ఉబ్బి ఉంది, బిళ్ళ పెట్టుకున్నాడని తెలిసింది. డోర్కస్ నీలం టోపీ పెట్టుకుని వేదిక మీది బల్ల దగ్గర కూర్చుంది. టోపీ మీద పక్షి ఉంది. పక్షికి కూడా సబ్బు పెట్టి కడిగినట్టుంది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. వాడి కోటుకి తెల్ల పువ్వు, ఆవిడ చేతిలో ఎర్ర పువ్వు, మధ్యలో మైకు.

నేను నోరు మెదపకూడదనే అనుకున్నాను. మా ఆయన మీద ఒట్టు. పెద్ద కూజాయే తీసుకున్నాను, చిన్నది కాదు. ఒక్కొక్కరికీ పోసుకుంటూ వాళ్ళ బల్ల దాకా వచ్చాను. వాడు తలెత్తలేదు. ఎత్తితే ఏడుస్తాడని వాడికి తెలుసు, నాకూ తెలుసు. ప్లేటులో హామ్ ముక్కని చూస్తూ కూర్చున్నాడు. పాపం, చిక్కిపోయాడు. మీరక్కడ ఏం పెడుతున్నారు?

రేడియో అతను తేనెపూసినట్టు అడిగాడు. "రాండ్, మీ కొత్త అమ్మగారికి ఏం చెప్పాలనుకుంటున్నారు?"

అప్పుడు వాడు ఏం చేశాడో తెలుసా? రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, నానిన అట్టలా ఒరిగిపోయాడు.

నా నోరు నన్ను అడగలేదమ్మా.

"వెండెల్, మోచేతులు!"

"సరే అమ్మా" అన్నాడు. తీశాడు. నిటారుగా కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది వాడికి ఏమన్నాడో. దేశమంతటికీ కూడా అప్పుడే తెలిసినట్టుంది.

నేను కాఫీ పోస్తూనే ఉన్నాను. కప్పు నిండి, సాసరు నిండి, బల్లగుడ్డ దాటి డోర్కస్ ఒళ్ళోకి కారుతోంది. వెండెల్ తలెత్తి నన్ను చూశాడు. కోటుకున్న తెల్ల పువ్వు పీకి హామ్ ముక్క పక్కన పెట్టాడు. డోర్కస్ చేతిలోంచి ఎర్ర పువ్వు లాక్కుని తనే పెట్టుకున్నాడు. వంకరగా. నేను సరిచేశాను. రేడియో అతను దగ్గి, "ఇప్పుడు సబ్బు గురించి రెండు మాటలు" అన్నాడు.

నేను కోరుకున్నది అయింది. కానీ రాత్రంతా నిద్ర లేదు. వాడి పొట్ట కొట్టానా అమ్మాయీ? ఆ ఒప్పందం పోయిందా? నిజం రాయి. పోతే ఇంటికి వచ్చెయ్యమను. పైపుల కొట్టు ఇంకా అమ్మలేదు.

ఇట్లు,
హల్డా స్టబ్స్

తా.క.: డోర్కస్ ఒళ్ళు తుడుచుకుంటూ, "పత్రికలో తప్పు పడి ఉంటుంది. రేడియో అబద్ధం చెప్పదు కదా హల్డా" అంది.


పెలికన్ పిక్చర్స్
1954 మే 15

మిసెస్ స్టబ్స్ గారికి,

ఆదివారం మిస్టర్ గ్రబ్నర్ రేడియో మీద ఇంకు సీసా విసిరారు. నన్ను తీసేశారు. రాండ్‌ని తీసేశారు. గుర్రాన్ని కూడా తీసేశారు. సోమవారం పొద్దున సబ్బు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. దేశంలో కొట్లన్నీ ఖాళీ అయ్యాయట, జనం వీధుల్లో నిలబడి ఏడుస్తూ సబ్బు కొంటున్నారట. మధ్యాహ్నానికి ముగ్గురినీ మళ్ళీ చేర్చుకున్నారు. గుర్రానికి గది మార్చారు.

ఇక నిజం చెప్పేద్దాం సార్ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. "నిజాన్ని ఎవరు నమ్ముతారు? పైపుల కొట్టా? కోళ్ళా?" అన్నారు. వచ్చే వారం పత్రికల్లో వచ్చే కథ ఇది: మీరు మంచు తుఫానులో చనిపోలేదు. దూడని కాపాడుతుంటే తలకి దెబ్బ తగిలి మతి పోయింది. ఎవరో, ఎక్కడో తెలియకుండా నడుచుకుంటూ ఇండియానా చేరి, ఒక చర్చిలో కాఫీ పోస్తూ బతికారు. కన్నకొడుకు మోచేతులు చూడగానే మతి తిరిగి వచ్చింది.

నేను రాయనన్నాను. రాయడానికి ఒక షరతు పెట్టాను. రాండ్ ఒప్పందంలో కొత్త మాట చేరింది: ప్రతి మే నెలలోనూ ఎర్ర పువ్వు, ప్రతి క్రిస్మస్‌కీ సంతకం. చివరికి మిస్టర్ గ్రబ్నర్ దానికి ఒప్పుకుని సంతకం పెట్టారు. మీరు చెయ్యవలసింది ఒక్కటే. ఎవరైనా పాత సంగతులు అడిగితే జ్ఞాపకం లేవనాలి.

మిమ్మల్ని బతికించడానికి నాకు తెలిసిన దారి ఇదే. చంపడం ఇంతకంటే తేలికగా అయింది.

ఇట్లు,
మీ
థియా

తా.క.: మీరు మార్చిలో అడిగిన ప్రశ్నకి జవాబు. ఎర్రదే. మా అమ్మ మినెసోటాలో ఉంది. నేను సాహిత్య సేవ చేస్తున్నానని అనుకుంటోంది. ఆదివారం మీ ప్రసారం అయ్యాక ఫోను చేశాను. "ఏమిటే, డబ్బు కావాలా?" అంది.


ఎల్డర్టన్
1954 మే 24

థియా తల్లికి,

పత్రిక వచ్చింది. నా గురించి చాలా బాగా రాశావు. ఎవరో మహాతల్లి అనుకుని సగం దాకా ఏడుస్తూ చదివాను.

మతి పోవడానికి ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ మతి ఉండి ఏం సుఖపడ్డాను గనక! నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు పూర్తి అబద్ధంతో ఊరంతా వరస కట్టి నన్ను తల్లీ అంటోంది. పాస్టరు గారు వచ్చే ఏడాది వేదిక మీది బల్ల దగ్గర మధ్య కుర్చీ నాదేనన్నారు. ఆ రోజు మంచులోంచి నన్ను లాగి బతికించింది తనేనని డోర్కస్ చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. కాఫీ పోసేవాళ్ళని మాత్రం ఈసారి నేనే ఎంచుతాను.

మతి లేకపోవడం ఇంత హాయని తెలియదు. చర్చి చందా కోసం అమ్మడానికి ఆపిల్ పై చేసిస్తానన్న మాట జ్ఞాపకం లేదు. కుట్టుపని సంఘంలో నేనున్నట్టు జ్ఞాపకం లేదు. నా కుర్చీ మాత్రం జ్ఞాపకం ఉంది, వెళ్ళి తెచ్చుకున్నాను.

మొన్న వెండెల్ కార్డు వచ్చింది. పండుగ ఏమీ లేదు, ఊరికే. కింద సంతకం పెట్టాడు, వెండెల్ అని. కోడి గీకినట్టే ఉంది. ఎవరికీ చూపించలేదు. పిండి డబ్బా వెనక ఆనించి పెట్టుకున్నాను, నాకు కనపడేలా.

ఇట్లు,
ఏమీ జ్ఞాపకం లేని
అమ్మ, హల్డా

తా.క.: డోర్కస్ తన క్యాసెరోల్ గిన్నె కోసం వచ్చింది. గిన్నె చాలా మంచిది, వాఫుల్ పిండికి సరిగ్గా సరిపోతుంది. ఏ గిన్నె అన్నాను. తనే అల్మారా తెరిచి, తీసి, తిరగేసి, "అడుగున నా పేరుంది, చదువు హల్డా" అంది. కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివాను. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి అడిగాను.

"డోర్కస్ అంటే ఎవరమ్మా?"